రెండో చెప్పు

అశోక్ నగర్‌లో ఆదివారం అంటే పరీక్ష. ఊరంతా మటన్ దుకాణాల ముందు వరస కట్టే వేళకు ఇక్కడి పిల్లలు ఇడ్లీ గబగబా మింగి, మూడంతస్తులెక్కి, జవాబుపత్రం మీద నల్లపెన్నుతో గుండ్రాలు దిద్దుతూ కూర్చుంటారు. సర్కారు ఉద్యోగం వచ్చేదాకా వాళ్లకు సెలవనేది లేదు.

ఉమాకాంత్ సార్ కోచింగ్ అకాడమీలో ఆ ఆదివారం రెండు వందల పద్నాలుగు మంది రాస్తున్నారు. వరసల మధ్య తిరుగుతూ కాపలా కాస్తున్నది అరుంధతి. అరవై రెండేళ్ల మనిషి. ముప్పై నాలుగేళ్లు సర్కారు బళ్లలో సోషల్ చెప్పి రిటైరై, మూడేళ్లుగా ఇక్కడ చరిత్ర చెబుతోంది. వారం వారం ప్రశ్నపత్రంలో చరిత్ర భాగం సరిచూసి, ప్రింటుకు పోయే ముందు చివరి పేజీ కింద సంతకం పెట్టేదీ ఆమే. పిల్లలకు ఆమె అంటే భయం. తప్పు రాసినవాణ్ణి తిట్టదు, ఎందుకు రాశావని అడుగుతుంది. అది తిట్టుకంటే కష్టం.

గంట గడిచింది. ఏమీ తోచక, మిగిలిపోయిన ప్రశ్నపత్రం ఒకటి తీసి చివరి పేజీ తిప్పింది. నలభై నుంచి యాభై దాకా ‘కోడ్ కార్నర్’. అది ఉమాకాంత్ సొంత వంట. తేదీలు, పేర్లు గుర్తుండడానికి పిచ్చి వాక్యాలు అల్లి పిల్లల నెత్తికెక్కించడంలో వాడికి ఊళ్లో పేరుంది. ఆ పేజీ అంటే అరుంధతికి ఎంత చిన్నచూపంటే, మూడేళ్లలో ఒక్కసారీ చదవలేదు. చదవకుండానే కింద సంతకం గిలికి పంపేసేది.

ఆ రోజు చదివింది.

“41. ‘తాళం తాత బీచికి పోయిండు’ కోడ్ ప్రకారం, 1942లో సింగపూర్ తీరంలో దొరికిన చెప్పులు ఎన్ని? (1) ఒకటి (2) రెండు (3) నాలుగు (4) తొమ్మిది.”

ఇంకోసారి చదివింది. పేజీ కిందికి చూసింది. ‘సరిచూసినవారు’ అన్నచోట తన సంతకం, కింద గీతతో సహా, నిక్షేపంగా ఉంది. పత్రం చప్పుడయ్యేలా మడిచింది. ముందు బెంచీ పిల్ల తల ఎత్తి చూసి, మేడం మొహం చూసి, మళ్లీ తల దించుకుంది.

ఈ కోపం అర్థం కావాలంటే జగన్నాథరావు సంగతి తెలియాలి.

జగన్నాథరావు అరుంధతి తండ్రి. నిజాం ఫౌజులో సిపాయి. ఇరవై రెండేళ్లు నిండకుండా ఓడెక్కించి మలయాకు పంపారు. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ వాళ్ల చేతికి చిక్కినప్పుడు వేలమందితో పాటు ఆయనా ఖైదీ అయ్యాడు. అది యుద్ధం. యుద్ధంలో సిపాయి పట్టుబడడం ఉన్నదే. ఆ తరువాత జరిగింది యుద్ధం కాదు.

ఊరు చేతికొచ్చిన కొద్ది రోజులకే, అక్కడ కాపురమున్న చీనా మగవాళ్లందరూ ఫలానా కూడళ్లకు రావాలని జపాన్ వాళ్లు చాటించారు. వచ్చారు. ఎండలో కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ చూశారు. ఒకడు వేలు చూపిస్తాడు: నువ్వు ఇటు, నువ్వు అటు. ఇటు పోయినవాడి చేతి మీదో చొక్కా మీదో ‘చూశాం’ అని ముద్ర కొట్టి ఇంటికి పంపారు. అటు పోయినవాణ్ణి లారీ ఎక్కించి సముద్రం ఒడ్డున కాల్చేశారు. కళ్లద్దాలున్నాయని, బడిపంతులని, చేతులు మెత్తగా ఉన్నాయని, మొహం నచ్చలేదని. ఎంతమందిని చంపారో ఈనాటికీ తేలలేదు. ఐదు వేలని చంపినవాళ్లు అన్నారు, యాభై వేలని పోగొట్టుకున్నవాళ్లు అన్నారు.

ఇసుకలో పడి ఉన్నవాళ్లను పూడ్చడానికి ఖైదీలను తోలారు. జగన్నాథరావు చేతికి పార వచ్చింది. ఆయన పూడ్చింది పదకొండు మందిని. పేర్లు తెలియవు, భాష తెలియదు, చెప్పడానికి ఎవరి నోరూ మిగల్లేదు. కనుక ఒక్కొక్కరినీ ఒక్కో గుర్తుతో మనసులో దాచుకున్నాడు. పిడికిట్లో తాళం చెవి ఉన్న ముసలాయన. గళ్ల చొక్కా. పగిలిన కళ్లద్దాలు. ఎడమకాలికి ఒక్క చెప్పు ఉన్నవాడు. ఆ ఒంటి చెప్పు దగ్గర జగన్నాథరావుకు ఏమైందో ఏమో, పార పక్కన పెట్టి రెండో చెప్పు కోసం ఇసుకలో వెదకడం మొదలుపెట్టాడు. మనిషిని ఒక్క చెప్పుతో ఎట్లా పంపుతామని అనిపించిందట. కాపలావాడు వచ్చి తుపాకీ మడమతో చెవి మీద కొట్టాడు. ఆ చెవికి మళ్లీ చచ్చేదాకా వినపడలేదు. చెప్పు దొరకలేదు.

యుద్ధం ముగిశాక ఇల్లు చేరి, నారాయణగూడలో ఒక కాలేజీ లైబ్రరీలో గుమాస్తాగా కుదిరి, చిక్కడపల్లిలో కాపురం పెట్టాడు. ఏటా పెత్రమాసకు, అంటే పెద్దల అమావాస్యకు, అయ్యగారు ఇంటికొచ్చి పెద్దల పేరున బియ్యం అందుకునేవారు. సొంత పెద్దల వంతు అయిపోయాక జగన్నాథరావు విస్తళ్లలో ఇంకో పదకొండు కుప్పలు పోసేవాడు.

“వీళ్లు ఎవరయ్యా? గోత్రం?”

“తెల్వదు.”

“తెల్వనోళ్లకు కాశ్యప గోత్రం చెప్తరు. పేరు?”

“తాళం చెవి ఆయన.”

మొదటి ఏడు అయ్యగారు కసిరారు. రెండో ఏడు గొణిగారు. మూడో ఏడు “తాళం చెవి ఆయన” అని ఆయనే ముందుగా అందుకున్నారు. ఒంటి చెప్పు ఆయన వంతుకు బియ్యంతో పాటు కొత్త చెప్పుల జత ఒకటి దానం ఇచ్చేవాడు జగన్నాథరావు. ఆయన పోయి ముప్పై ఏళ్లవుతోంది. ఇప్పుడు అరుంధతి తమ్ముడు ఇంద్రసేన బియ్యం ఇస్తాడు, తండ్రి రాసిపెట్టిన ఆ పదకొండు గుర్తుల కాగితం పట్టుకుని ఆమె ఒక్కొక్కటీ చదువుతుంది. చెప్పుల జత ఒక్క ఏడూ తప్పలేదు.

ఇదంతా ఉమాకాంత్‌కు తెలుసు. పన్నెండేళ్ల కింద వాడు చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద పొద్దుగుంకేదాకా చదివే బక్క పిల్లాడు. సందేహాలు అడగడానికి వచ్చి, అడిగాక అన్నం తిని పోయేవాడు. ఒక పెత్రమాస నాడు అలాగే వచ్చి, వాకిట్లో నిలబడి, జాబితా అంతా విన్నాడు. విని ఏడ్చాడు. కొత్త అయ్యగారు చెప్పుల జత కాలికి పెట్టి చూసుకుని, “నాకు పెద్దగున్నయమ్మా, ఈ పిల్లవాని చెప్పులు తెగినట్టున్నయి, ఇతనికి ఇచ్చేస్త” అని అక్కడికక్కడే వాడికిచ్చేశారు. ఆ చెప్పులతోనే ఉమాకాంత్ ఏడాది తిరిగాడు. ఆ చెప్పులతోనే ఇంటర్వ్యూకు పోయాడు. ఉద్యోగం రాలేదు గాని అకాడమీ వచ్చింది, యూట్యూబ్ వచ్చింది, ఆ మనిషి మాత్రం ఎటో పోయాడు.

పరీక్ష ముగియగానే అరుంధతి నేరుగా వాడి గదిలోకి వెళ్లింది. వాడు చాయ్ తాగుతూ ఫోను చూసుకుంటున్నాడు. ప్రశ్నపత్రం బల్ల మీద పడేసింది.

“నలభై ఒకటి. ఇది ఎక్కడిది?”

ఉమాకాంత్ చూసి మొహం వెలిగించుకున్నాడు. “అరె, మీకు చూపిద్దామనే అనుకున్న మేడం! సూపర్ హిట్ అయింది. చూడుండ్రి, నాలుగు లక్షల వ్యూస్.”

ఫోను ఆమె మొహం ముందు పెట్టాడు. వీడియోలో వాడే ఉన్నాడు, నెత్తికి సైనికుడి టోపీలాంటిదేదో పెట్టుకుని. ముందు వరస పిల్లలను లేపి “నువ్వు ఇటు! నువ్వు అటు!” అని వేలు చూపిస్తుంటే క్లాసు పగలబడి నవ్వుతోంది. ఆ తరువాత బోర్డు. “తాళం తాత చేతిల తాళం చెవి ఎన్ని? ఒకటి! తాత గళ్ల చొక్కాకు గుండీలు ఎన్ని? తొమ్మిది! కళ్లద్దాలు పెట్టుకుంటే కళ్లు ఎన్ని? నాలుగు! కాళ్లకు చెప్పులు ఎన్ని?” ఒక ఆడపిల్ల లేచి తన చెప్పులు రెండూ నెత్తి మీదికెత్తి పట్టుకుంది. “రెండు! ఒకటి తొమ్మిది నాలుగు రెండు! సింగపూర్ ఎప్పుడు పడ్డది?” క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది.

అరుంధతి ఫోను పక్కకు నెట్టింది. చాలా మెల్లగా అడిగింది.

“ఆయనకు ఒక్కటే చెప్పు ఉండె. రెండో చెప్పు నువ్వు ఎక్కడికెళ్లి తెచ్చినవురా?”

“మేడం, ఒకటి పెడితే 1941 అయితది కద!”

వాడు అబద్ధమాడలేదు, వెటకారమూ చేయలేదు. నిజంగానే అదే కారణం అన్నట్టు చెప్పాడు. అరుంధతికి ఒళ్లు ఇంకా మండిపోయింది.

“రెండో చెప్పు కోసమే మా నాయిన చెవి పోగొట్టుకున్నడు. ఎనభై ఏండ్లు దాటె, దొరకలే. నువ్వు చాక్‌పీసు పట్టుకుని ఒక్క నిమిషంల దొరకబట్టినవు. గుండీలు తొమ్మిదట. గుండీలు చూసేంత సేపు వాళ్లు మా నాయినను నిలబడనిచ్చిండ్రా?”

“జర ఠండాగ వినుండ్రి మేడం. మీ దగ్గర ఉన్నన్ని దినాలు ఆ కథ ఎంతమందికి తెల్సు? మీ ఇంట్ల నలుగురికి, అయ్యగారికి. ఇప్పుడు నాలుగు లక్షల మందికి తెల్సు. నవ్వితేనే గుర్తుంటది. అది మెమరీ సైన్స్.”

“వాళ్లకు గుర్తుండేది తేదీ. చచ్చినోడు కాదు.”

“పరీక్షల అడిగేది తేదీనే కద మేడం.”

ఆమె ఒక్కటే అడిగింది. ప్రశ్న తీసెయ్, వీడియో తీసెయ్. వాడు తల గోక్కున్నాడు. వీడియో తీస్తే ఛానల్ దెబ్బతింటుందన్నాడు. ప్రశ్న సంగతి రూల్ ప్రకారం పోవాలన్నాడు. జవాబుల కీని నోటీసు బోర్డుకు అంటించాక, తప్పనిపించిన విద్యార్థి చీటీ రాసి డబ్బాలో వేయాలి. సరైన జవాబు, దానికి ఆధారం ఏ పుస్తకం, ఏ పేజీ రాయాలి. సోమవారం క్లాసులో ఆ చీటీలు అందరి ముందూ చదువుతారు. ఆధారం లేని చీటీ చెత్తబుట్టకే. ఎవరూ వేయకపోతే ప్రశ్న నిలబడుతుంది, వచ్చే నెల అచ్చయ్యే ఐదు వేల ప్రశ్నల పుస్తకంలోకి ఎక్కుతుంది. ఒకసారి అందులో ఎక్కితే రాష్ట్రమంతా అదే చదువుతుంది.

“విద్యార్థులే వెయ్యాలె మేడం, మనం కాదు. రూల్ మీరు పెట్టిందే,” అన్నాడు. తరువాత పత్రం ఆమె వైపు తిప్పి, పేజీ కింద వేలు పెట్టాడు. “ఇంకొకటి. సంతకం మీదే.”

అరుంధతి ఆ సంతకం వైపు ఒక్కసారి చూసింది. బయటికొచ్చేసింది.

సాయంత్రం దాకా ఇంట్లో కాలు నిలవలేదు. వచ్చే ఆదివారమే పెత్రమాస. ఇంద్రసేన కూరగాయల చిట్టీ అడిగితే కసిరింది. బీరువాలోంచి తండ్రి కాగితం తీసి చదవబోతే, “తాళం చెవి” అన్న మాట దగ్గరే రెండు వందల మంది నవ్వు చెవుల్లో మోగింది. కాగితం మడిచేసింది. అయ్యగారి ముందు ఈ పేర్లు ఏ మొహంతో చదవాలి? పదకొండు మందిని ఎనభై ఏళ్లు గౌరవంగా చూసుకున్న ఇల్లు, తన ఒక్క సంతకంతో వాళ్లను కోతులాటకు అప్పగించింది. ఉమాకాంత్ మీద ఎంత కోపం ఉందో అంతకు రెట్టింపు తన మీద వచ్చింది.

ఇంట్లో ఉండలేక లైబ్రరీ వైపు నడిచింది. లోపల సీట్లు చాలక పిల్లలు ప్రహరీ పక్కన అట్టముక్కలు పరుచుకుని చదువుతున్నారు. అక్కడే కనిపించింది ఆ పిల్ల, చెప్పులు నెత్తి మీదికెత్తిన పిల్ల. పేరు మంగ. పాలమూరు నుంచి పనికొచ్చిన కుటుంబం, తండ్రి బీరయ్య ఒక మేస్త్రీ కింద కూలి, అడిక్‌మెట్ బస్తీలో ఉంటారు. నాలుగు వారాలుగా అకాడమీలో మొదటి ర్యాంకు ఆమెదే.

మంగ లేచి నిలబడింది. “మేడం, యాభైకి నలభై ఎనిమిది వస్తున్నయి. నలభై ఒకటి గూడ కరెక్టే!”

ఆ పిల్ల మీద విరుచుకుపడడం అన్యాయమని అరుంధతికి తెలుసు. అయినా విరుచుకుపడింది.

“ఎవరి చెప్పులే అవి? తాత బీచికి పోయిండా? షికారుకు పోయిండా? ఆయన ఇంటికి తాళం వేసి వచ్చిండు, మాపటికి మర్లి పోత అనుకుని. చచ్చినా పిడికిలి ఇడవలే. మా నాయిన గా తాళం చెవి తీసి చూసి, మళ్ల ఆయన చేతులనే పెట్టి మట్టి కప్పిండు. ఆయన ఇల్లు ఆయనే తీస్కోవాలె కద అన్నడు.” చుట్టూ కూర్చున్నవాళ్లు పుస్తకాలు దించి చూస్తున్నారు. అరుంధతి గొంతు తగ్గించలేదు. “కళ్లద్దాలు ఉన్నోళ్లను, పెన్ను పట్టి వేలు కాయ కాసినోళ్లను అటు నిలబెట్టిండ్రు. నీ వేలు చూసుకో. ఈ గోడ పొడుగున కూసున్నోళ్లను అందర్ని చూడు. ఒక్కరు గూడ ఇటు దిక్కు మిగలరు. నువ్వు గూడ లారీ ఎక్కేదానివే. దానికి చెప్పులెత్తి నవ్వినవు.”

చెవి సంగతీ, ఇసుకలో వెదకడం సంగతీ చెప్పింది. అంతా చెప్పేసరికి ఆయాసం వచ్చి ప్రహరీకి ఆనుకుంది.

మంగ క్షమించమని అనలేదు. తన కాళ్లకేసి చూసుకుంది.

“మా పెద్దనాయిన పీరయ్య స్లాబ్ మీదికెళ్లి పడి సచ్చిండు మేడం. కొండాపూర్ల. దవాఖానల మాకు ఒక్క చెప్పే ఇచ్చిండ్రు. మా పెద్దమ్మ ఈదమ్మ గా ఒక్క చెప్పు ఇంకా పారెయ్యలే, దూలానికి కట్టింది.” ఆగి, అడిగింది. “మీ నాయిన పేరేంది మేడం?”

“జగన్నాథరావు. ఎందుకు?”

“ఊకెనే.”

మంగ తన పుస్తకాలు సర్దుకుని వెళ్లిపోయింది. అరుంధతి అక్కడే ఉండి, పరాయి పిల్ల మీద అరిచినందుకు సిగ్గుపడింది. కోపం మాత్రం ఇసుమంత తగ్గలేదు.

సోమవారం పది గంటలకు హాలు నిండింది. కీ మీద చర్చ అంటే పిల్లలకు మ్యాచ్ చూసినట్టే. వెనక గోడ మీద కెమెరా ఎర్రదీపం వెలుగుతోంది, క్లాసంతా యాప్‌లోకి పోతుంది. ఉమాకాంత్ మైకు పెట్టుకుని, డబ్బా బోర్లించి, చీటీలు ఒక్కొక్కటీ గొంతు మార్చి చదువుతున్నాడు. అరుంధతి పక్కన కుర్చీలో కూర్చుంది. చరిత్ర భాగానికి ఆధారాలు చూడవలసింది ఆమే.

ఏడో ప్రశ్న మీద నాలుగు చీటీలు, పంతొమ్మిది మీద రెండు. ఆ తరువాత ఒక చీటీ విప్పి ఉమాకాంత్ నవ్వాడు.

“ఓహో! నలభై ఒకటి. మన తాళం తాత!” హాల్లో నవ్వు లేచింది. “రెండు వందల పద్నాలుగు మందిల రెండు వందల తొమ్మిది మంది కరెక్ట్ పెట్టిండ్రు. రికార్డు! దీని మీద గూడ ఎవరికో అబ్జెక్షన్ ఉన్నదట. విందాం.”

సినిమా గొంతుతో మొదలుపెట్టాడు.

“కీ లో ఇచ్చిన జవాబు: రెండు. సరైన జవాబు: ఒకటి. రెండో చెప్పు దొరకలేదు. ఆధారం: జగన్నాథరావు, సిపాయి. పేజీ నంబరు: లేదు. పూడ్చింది ఆయనే.”

సినిమా గొంతు అక్కడికి జారిపోయింది. ఇంకా రెండు వాక్యాలున్నాయి. చదవక తప్పలేదు, రెండు వందల మంది చూస్తున్నారు.

“నేను రెండు అని పెట్టిన. నాకు వచ్చిన మార్కు తీసేయుండ్రి. మంగ, హాల్ టికెట్ నూట ఆరు.”

అశోక్ నగర్‌లో ప్రాణమైనా ఇస్తారు గాని మార్కు ఇవ్వరు. పావు మార్కు కోసం కోర్టుకెక్కిన ఊరు అది. హాల్లో తలలన్నీ ఆ పిల్ల కోసం తిరిగాయి. మూడో వరసలో మంగ తల దించుకోకుండా కూర్చుంది.

ఉమాకాంత్ దగ్గాడు. చీటీ మడిచాడు. “మంచిగ రాసిందమ్మా. ఎమోషనల్. కాని ఆధారం అంటే స్టాండర్డ్ బుక్ ఉండాలె, పేజీ ఉండాలె. రూల్ ఈజ్ రూల్. చెల్లదు. నెక్స్ట్…”

“ఆగు,” అంది అరుంధతి.

లేచి, మొదట హాలు వెనక గోడ దాకా నడిచింది. కుర్చీ లాక్కుని, ఎక్కి, కెమెరా ప్లగ్గు పీకేసింది. ఎర్రదీపం ఆరింది. “ఇది యాప్‌లకు పోదు. నాలుగు లక్షల మందికి అక్కర లేదు. నవ్వినోళ్లు వింటే చాలు.”

“మేడం, ప్లీజ్…”

“పుస్తకం అడిగినవు కద ఉమాకాంత్. తెచ్చిన.” చేతి సంచిలోంచి తండ్రి కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగి, వెనక అట్టముక్క అతికించిన కాగితం. “ఆ పెత్రమాసకు మా ఇంట్ల నిలబడి ఇది ఇని ఏడ్చినవు. ఒంటి చెప్పు ఆయన పేరు మీద ఇచ్చిన జత తొడుక్కుని ఏడాది తిరిగినవు. అవి గుర్తున్నయా, కోడ్ చెప్పాల్నా?”

ఉమాకాంత్ మైకు తీసి బల్ల మీద పెట్టాడు.

ఆమె చదవడం మొదలుపెట్టగానే అలవాటు కొద్దీ రెండు వందల తలలు నోటు పుస్తకాల మీదికి వంగాయి.

“రాయకుండ్రి. ఇది బిట్టు కాదు. పెన్నులు కింద పెట్టుండ్రి.”

పెట్టారు.

“తాళం చెవి ముసలాయన. గళ్ల చొక్కా ఆయన. పగిలిన కళ్లద్దాల ఆయన. పెండ్లి ఉంగరం ఉన్న పిలగాడు, ఉంగరం వదులుగా ఉండె. బొటనవేలుకు కట్టు కట్టుకున్నాయన. చేతులకు పిండి అంటినాయన, రొట్టెలు చేసేటోడేమో. ఇద్దరు ఒకే తీరున్నోళ్లు, అన్నదమ్ములు, చేతులు కలిపి కట్టిండ్రు, నేను ఇప్పలే. జేబుల పెన్సిలు ఉన్న పిలగాడు, పెన్సిలు కొస నమిలి ఉన్నది. బట్టతల ఆయన, నోరు తెరిచే ఉన్నది, మూసిన.” ఆమె గొంతు గట్టిగానే ఉంది. కోపం దాన్ని నిలబెట్టింది. “పదకొండు. ఎడమకాలికి ఒక్క చెప్పు. రెండోది వెదికిన. దొరకలేదు.”

కాగితం మడిచింది. కింద రోడ్డు మీద ఆటోల హారన్లు వినపడుతున్నాయి.

“ఇప్పుడు చెప్పు. ఎన్ని చెప్పులు?”

ఉమాకాంత్ బోర్డు వైపు చూశాడు గాని ఆమె వైపు చూడలేదు. “క్లాస్ అయిపోయింది, పోండ్రి,” అన్నాడు పిల్లలతో.

సాయంత్రం నాలుగింటికి ర్యాంకులు అంటించారు. అరుంధతి తన పుస్తకాలు సర్దుకుని వెళ్లిపోతూ మెట్ల దగ్గర బోర్డు ముందు ఆగింది. తుది కీ: నలభై ఒకటి, జవాబు రెండు. మార్చలేదు. మొన్నటి దాకా మొదటి వరసలో ఉన్న మంగ పేరు ఇప్పుడు ఐదో వరసలో ఉంది. పేరు పక్కన చిన్న అక్షరాలతో ‘అభ్యర్థి కోరిక మేరకు ఒక మార్కు తగ్గించబడినది’ అని రాశారు. మిగతా రెండు వందల ఎనిమిది మంది మార్కులు వాళ్ల దగ్గరే భద్రంగా ఉన్నాయి.

వీళ్లు మనుషులేనా అనుకుంది అరుంధతి. వీడియో అట్లాగే ఉంది, ప్రశ్న అట్లాగే ఉంది, చచ్చినవాడి కాలికి లేని చెప్పు తొడిగి, ఉన్న మాట చెప్పిన పిల్ల మార్కు కోశారు. కొట్టాలనిపించింది. ఎవర్ని కొట్టాలి? కీ పక్కనే ప్రశ్నపత్రం కూడా అంటించి ఉంది, చివరి పేజీ పైకి కనపడేలా. కింద తన సంతకం.

ఎర్రపెన్ను తీసింది. సంతకం మీద అడ్డంగా రెండు గీతలు కొట్టింది. దాని కింద, బడిలో నల్లబల్ల మీద రాసినట్టు పెద్ద అక్షరాలతో రాసింది:

‘41వ ప్రశ్నకు సరైన జవాబు: ఒకటి. ఈ పేజీ చదవకుండానే నేను సంతకం పెట్టాను. తప్పు నాది కూడా. అరుంధతి, జగన్నాథరావు బిడ్డ.’

మెట్ల మీద దిగుతున్న పిల్లలు ఆగి చదివారు. ఒకరిద్దరు తమ మార్కు వైపు చూసుకున్నారు, చూసుకుని దిగిపోయారు. ఒక్క మంగ నిలబడింది.

“మేడం, ఆదివారం పెత్రమాసకు మీ ఇంటికి రావచ్చునా?”

“ఆదివారం నీకు పరీక్ష ఉన్నది కదనే.”

“తెల్సు.”

అరుంధతి పెన్నుకు మూత పెట్టింది.

“చెప్పుల జత కొన్నరా?” అని అడిగింది మంగ. “కొనకుంటే నారాయణగూడల నేను తెస్త. సైజు ఎంత?”

“షాపుల సైజు చెప్పకు,” అంది అరుంధతి. “జానెడు మీద రెండు వేళ్లు. అంతే ఉండాలె. మా నాయిన ఆ కాలు చేత్తోటి కొలిచిండు.”